ఫుట్‌బాల్ మేనేజర్ వీడియో గేముల్లో మెంటరింగ్

ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ వీడియో గేముల్లో సీనియర్ ఆటగాళ్ల స్వభావం, అలవాట్లు కుర్రాళ్లకు అబ్బేలా చేసే ఏర్పాటు పేరు మెంటరింగ్. ఇది ట్రైనింగ్ కన్నా వేరు. పాస్ ఇవ్వడం, హెడ్ చేయడం, బంతిని కాలికింద ఆపడం ట్రైనింగ్‌లో వస్తాయి. పొద్దున్నే టైముకు గ్రౌండ్‌కు రావడం, ఓడినరోజు తల వేలాడేయకపోవడం, రిఫరీ మీద విరుచుకుపడకపోవడం లాంటివి మెంటరింగ్‌లో వస్తాయి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. ఈ గేములను రాసిన ఇంగ్లండు ప్రోగ్రామర్లకు ఆ సామెత తెలిసే అవకాశం లేదు గానీ, వాళ్లు కట్టిన లెక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఈ ఏర్పాటు అత్యంత వివరంగా కనిపించేది స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ తయారుచేసే ‘ఫుట్‌బాల్ మేనేజర్’లో. ఇందులో మనం బంతి తన్నం. క్లబ్బుకు మేనేజర్‌గా కూర్చుని ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, ఎవరిని ఏ స్థానంలో దించాలి, ఎవరిని ఎవరితో కలిపి కూర్చోబెట్టాలి అన్నవి తేలుస్తాం. భారత లీగు కూడా ఇందులో ఉంది. కాబట్టి సిద్దిపేటలో లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు లివర్‌పూల్‌ను ఎంత సులువుగా నడపగలడో కలకత్తా క్లబ్బులనూ అంతే సులువుగా నడపగలడు.

పుట్టుక

మేనేజర్ గేములకు ఆద్యుడు కెవిన్ టామ్స్. ఆయన 1982లో అడిక్టివ్ గేమ్స్ పేరిట తెచ్చిన తొలి ‘ఫుట్‌బాల్ మేనేజర్’లో ఒక్కో ఆటగాడికి ఉన్నది పేరు, నైపుణ్యానికి ఒక అంకె, ఒంట్లో సత్తువకు ఇంకో అంకె. స్వభావమనేదే లేదు. పాల్, ఆలివర్ కొలియర్ అనే అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ 1992లో వచ్చాక పరిస్థితి మెల్లగా మారింది. ప్రచురణ సంస్థ ఐడోస్‌తో తెగతెంపులయ్యాక అన్నదమ్ముల బృందం సెగా పంచన చేరి, 2004 నవంబరులో ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2005’ విడుదల చేసింది. పాత పేరు ఐడోస్‌కు మిగిలింది, గేము నడిపే ప్రోగ్రామూ సమాచార భాండాగారమూ వీరికి మిగిలాయి. ఆటలో అసలు సరుకు ఆ రెండే. ఎవర్టన్ క్లబ్బు ఆటగాళ్లను వెతకడానికి ఇదే భాండాగారాన్ని వాడుకునేలా 2008లో ఒప్పందం కుదుర్చుకుందంటే దాని విలువ అర్థమవుతుంది.

కనబడని అంకెలు

మెంటరింగ్ అర్థం కావాలంటే ముందు ఆటగాడిని ఈ గేము ఎలా కొలుస్తుందో తెలియాలి. పరుగు, పాస్, ట్యాక్లింగ్, పట్టుదల వంటి గుణాలకు 1 నుంచి 20 దాకా అంకెలుంటాయి. ఇవి మేనేజర్‌కు కనిపిస్తాయి. వీటికి వెనుక రెండు పెద్ద అంకెలుంటాయి. ఒకటి ఇప్పటి సత్తా, రెండోది చేరగల గరిష్ఠ సత్తా. రెండూ 200కు లెక్క. పదహారేళ్ల కుర్రాడి గరిష్ఠ సత్తా 160 అని రాసిపెట్టి ఉండవచ్చు, అక్కడికి చేరతాడన్న హామీ మాత్రం లేదు. క్లబ్బు వసతులు, కోచ్‌ల పనితనం, ఆడే మ్యాచ్‌లు, గాయాలు అన్నీ దారిలో అడ్డమో ఆసరానో అవుతాయి. వీటన్నిటితోపాటు స్వభావం ఉంటుంది.

స్వభావాన్ని గేము ఎనిమిది గుణాలుగా విడదీసింది. వృత్తినిష్ఠ, ఎదగాలన్న తపన, ఒత్తిడిని తట్టుకునే గుండె, నిగ్రహం, క్లబ్బును అంటిపెట్టుకునే గుణం, క్రీడాస్ఫూర్తి, కొత్తచోట ఇమిడిపోయే నేర్పు, వివాదాలకు ఎగబడే బుద్ధి. వీటికీ 20 దాకా అంకెలుంటాయి గానీ తెరమీద చూపించరు. మేనేజర్‌కు కనబడేది ఒక మాట మాత్రమే: ‘మోడల్ ప్రొఫెషనల్’, ‘రిజల్యూట్’, ‘బ్యాలెన్స్‌డ్’, ‘క్యాజువల్’, ‘టెంపరమెంటల్’, ఇలా. ‘మోడల్ ప్రొఫెషనల్’ అంటే వృత్తినిష్ఠ తారస్థాయిలో ఉన్నవాడు. ‘క్యాజువల్’ అంటే వచ్చామా పోయామా బాపతు. పత్రికలవాళ్లతో ఎలా మాట్లాడతాడో తెలిపే ఇంకో మాట కూడా పక్కన ఉంటుంది. ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు ఈ రెండు మాటలనూ కలిపి చదివి, లోపలి అంకెలు ఎంతెంత ఉండొచ్చో ఊహిస్తారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి మాటతీరును బట్టి వాళ్లింటి తీరు ఆరాతీసే మేనత్తల విద్య ఇది.

ఇన్ని గుణాల్లో కుర్రాడి ఎదుగుదలను ఎక్కువగా శాసించేవి వృత్తినిష్ఠ, తపన. ఒకే గరిష్ఠ సత్తాతో, ఒకే క్లబ్బులో, ఒకే కోచ్ దగ్గర పెరిగిన ఇద్దరిలో వృత్తినిష్ఠ ఎక్కువున్నవాడు ముందు పండుతాడు, ముప్పై దాటాక కూడా నిలబడతాడు. రెండోవాడు మెరిసి ఆరిపోతాడు. అందుకే అనుభవమున్న మేనేజర్లు కుర్రాడి కాళ్లకన్నా ముందు ఆ స్వభావపు మాట చూస్తారు.

ట్యూటరింగ్ కాలం

‘ఫుట్‌బాల్ మేనేజర్ 2018’ దాకా ఉన్న పద్ధతికి ట్యూటరింగ్ అని పేరు. ఒక పెద్దవాడు, ఒక చిన్నవాడు. చిన్నవాడికి ఇరవై నాలుగేళ్లు నిండకూడదు. పెద్దవాడిని పిలిచి, ఈ పిల్లవాడిని నీ దగ్గర పెట్టుకోమని చెప్పడమే మేనేజర్ పని. స్వభావం ఒక్కటే నేర్పమనవచ్చు, ఆడే తీరు కూడా నేర్పమనవచ్చు. కొన్ని నెలలకు ఫలితం తేలేది. ఇద్దరికీ పడకపోతే మధ్యలోనే తెగిపోయేది, కొన్నిసార్లు మాటా మాటా పెరిగి ముఖాలు చూసుకోని స్థితికీ వచ్చేది.

ఈ పద్ధతిని జనం ఎలా వాడుకున్నారో చెప్పుకోవాలి. మైదానంలో ఇక పనికిరాని ముప్పై నాలుగేళ్లవాడిని, స్వభావం బాగుందన్న ఒక్క కారణంతో తక్కువ జీతానికి తెచ్చుకుని, ఏడాది పొడవునా ఒకరి తర్వాత ఒకరుగా కుర్రాళ్లను అతని కిందకు తోసేవారు. అతను ఒక్క మ్యాచ్ ఆడకపోయినా ఫర్వాలేదు, క్లబ్బులోకి వచ్చి వారమే అయినా ఫర్వాలేదు. మూడు నాలుగేళ్లలో క్లబ్బులోని కుర్రాళ్లందరూ ఒకే అచ్చులోంచి తీసినట్టు తయారయ్యేవారు. ఫుట్‌బాల్ క్లబ్బు కన్నా కోచింగ్ సెంటరుకు దగ్గరగా ఉన్న వ్యవహారమిది. లెక్క చక్కగా ఉంది, నమ్మబుద్ధి మాత్రం కాదు.

బృందాల పద్ధతి

2018 నవంబరులో వచ్చిన ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2019’ ట్యూటరింగ్‌ను ఎత్తేసి మెంటరింగ్‌ను పెట్టింది. ఇద్దరి మధ్య జరిగేది కాస్తా బృందంలో జరిగేదిగా మారింది. ఒక్కో బృందంలో కనీసం ముగ్గురుండాలి. ట్రైనింగ్ తెరలోనే బృందాలను కూర్చాలి. ఫలానా వాడు ఫలానా వాడికి గురువని రాసిపెట్టడం ఉండదు. ఎవరి మాట ఎవరిమీద పనిచేస్తుందో గేమే తేలుస్తుంది.

తేల్చే తూకంలో పడే రాళ్లు కొన్ని ఉన్నాయి. మొదటిది జట్టులో పెద్దరికం. ప్రతి జట్టులోనూ ‘టీమ్ లీడర్లు’ అనే కొందరు, వారి కింద బాగా పలుకుబడి ఉన్నవాళ్లు, వారి కింద ఓ మోస్తరు పలుకుబడి ఉన్నవాళ్లు, అట్టడుగున మిగతావాళ్లు ఉంటారు. ఈ పెద్దరికం కొనుక్కుంటే రాదు. క్లబ్బులో ఎన్నేళ్లున్నాడు, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, వయసెంత, పేరెంత అన్నవాటి మీద పెరుగుతుంది. రెండోది సావాసం. ఒకే భాషవాళ్లు, ఒకే దేశంవాళ్లు, చాలాకాలంగా కలిసి ఉన్నవాళ్లు జట్టులోపల గుంపులు కడతారు. పెద్దగుంపులోని వాడి మాట ఆ గుంపు కుర్రాడికి త్వరగా ఎక్కుతుంది. ఏ గుంపులోనూ చేరని కొత్తవాడికి నెమ్మదిగా ఎక్కుతుంది. మూడోది వయసు. పద్దెనిమిదేళ్లవాడు మెత్తటి మట్టి, ఇరవై నాలుగు దాటాక కదలిక తగ్గిపోతుంది.

దీంతో పాత చిట్కా మూలపడింది. నిన్న వచ్చిన వృద్ధ వృత్తినిష్ఠాపరుడి మాట ఎవరూ వినరు. ముందు అతను జట్టులో పాతుకుపోవాలి, అందుకు మ్యాచ్‌లు ఆడాలి, ఆడాలంటే ఒంట్లో శక్తి మిగిలి ఉండాలి. అంటే మేనేజర్ ముప్పై నాలుగులో కాకుండా ఇరవై తొమ్మిదిలోనే అతణ్ని తెచ్చుకుని ఓపికపట్టాలి. ఈ శ్రేణి గేములన్నిటిలోనూ వచ్చిన మార్పుల్లో తెలివైనవాటిలో ఇదొకటని చెప్పడానికి సంకోచం అక్కర్లేదు.

సిద్దిపేట క్లబ్బు: ఒక ఉదాహరణ

సిద్దిపేటకు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బు లేదు. అయితే గేముతోపాటు వచ్చే ఎడిటర్‌లో కొత్త క్లబ్బును సృష్టించుకోవచ్చు, ఊరినీ మైదానాన్నీ రంగులనూ మనమే పెట్టుకోవచ్చు. అలా సిద్దిపేట పేరుతో ఒక క్లబ్బు కట్టి కింది లీగులో దించామనుకుందాం.

జట్టులో ముప్పై రెండేళ్ల స్టాపర్ ఉన్నాడు. ఆరేళ్లుగా ఇక్కడే ఆడుతున్నాడు, టీమ్ లీడర్, స్వభావం ‘ప్రొఫెషనల్’. ఇరవై ఏడేళ్ల మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు, ‘ఫెయిర్లీ ప్రొఫెషనల్’, పలుకుబడి ఓ మోస్తరు. ఏడాదికోసారి అకాడమీ నుంచి వచ్చే పిల్లల గుంపులో ఈసారి పదిహేడేళ్ల వింగర్ వచ్చాడు. కాళ్లు బంగారం, స్వభావం ‘క్యాజువల్’. ఈ ముగ్గురినీ ఒక బృందంలో పెడతాం. పిల్లవాడు జూనియర్ జట్టులోనే ఉండిపోతే పెద్దవాళ్లతో ట్రైనింగే జరగదు కాబట్టి ముందు అతణ్ని సీనియర్ జట్టులోకి తేవాలి. ఏదైనా క్లబ్బుకు అప్పుగా పంపితే అంతే సంగతులు, అక్కడి వాళ్ల సావాసమే అతని సావాసం.

వారాలు గడుస్తాయి. బృందంలో ఎవరి ప్రభావం ఎవరిమీద పడుతోందో గేము అప్పుడప్పుడు రెండు ముక్కల్లో చెబుతుంది. చాలాకాలం ఏమీ మారనట్టే ఉంటుంది. ఒకరోజు వింగర్ పేరు కింద ‘క్యాజువల్’ పోయి ‘బ్యాలెన్స్‌డ్’ కనిపిస్తుంది. లోపలి అంకె ఒక గీత దాటిందన్నమాట. గీతల మధ్య జరిగిన కదలిక బయటికి తెలియదు గనుక ఓపికలేనివాళ్లు ఈ దశకు ముందే బృందాన్ని చెడగొడతారు.

ఇప్పుడు తప్పుదారి చూద్దాం. ట్రాన్స్‌ఫర్ గడువులో మంచి ధర పలికిందని స్టాపర్‌ను అమ్మేసి, ఆ డబ్బుతో పేరున్న స్ట్రైకర్‌ను తెచ్చాం. గోల్స్ కొడతాడు, స్వభావం మాత్రం ‘టెంపరమెంటల్’, రిఫరీతో వాదులాడే అలవాటు ఉంది. తొలి నెలల్లో అతని మాటకు బరువుండదు. సీజన్ తిరిగేసరికి మ్యాచ్‌లు ఆడి, గోల్స్ కొట్టి పలుకుబడి ఉన్నవాళ్ల వరసలోకి ఎక్కుతాడు. అతణ్నీ అదే బృందంలో వదిలేస్తే మన వింగర్ గోల్ కొట్టడం నేర్చుకోడు, రిఫరీ మీదికి వెళ్లడం నేర్చుకుంటాడు. మెంటరింగ్‌కు మంచి చెడు తెలియదు. పలుకుబడి ఉన్నవాడిది ఏదైతే అదే కిందకు దిగుతుంది.

అలవాట్లన్నీ చెడ్డవి కావు. బలం చూపకుండా బంతిని మూలకు నెట్టి గోల్ చేయడం, డిఫెన్సును చీల్చే పాస్‌కు సాహసించడం లాంటివి కూడా ఇలాగే అబ్బుతాయి. ఏ అలవాటు ఏ స్థానంవాడికి పనికొస్తుందో చూసుకోవడం మేనేజర్ పని. బంతి దొరికితే చాలు ముందుకు పరుగెత్తే వింగర్ సావాసంలో స్టాపర్‌ను పెట్టేవాడికి ఆ తర్వాత వచ్చే తలనొప్పులకు వేరే ఎవరినీ నిందించే హక్కు లేదు.

మిగతా గేములు

స్వీడన్‌లో 1997లో మొదలైన ‘హాట్రిక్’ బ్రౌజర్ గేములో ఆటగాడి స్వభావం రాసిపెట్టి ఉంటుంది గానీ జీవితాంతం మారదు, అక్కడ పెద్దవాళ్ల ప్రభావానికి చోటే లేదు. బెల్‌గ్రేడ్‌కు చెందిన నార్డియస్ 2010లో తెచ్చిన ‘టాప్ ఎలెవన్’ ఫోన్లలో బాగా వ్యాపించింది, అందులో ఎదుగుదలంతా డ్రిల్స్ లెక్క. ఈఏ స్పోర్ట్స్ గేముల్లోని కెరీర్ మోడ్‌లోనూ కుర్రాడి ఎదుగుదలకు ఆధారం ముఖ్యంగా ట్రైనింగ్, మైదానంలో ప్రదర్శన. వీటిని తక్కువ చేయనవసరం లేదు గానీ మెంటరింగ్ గురించి చెప్పేటప్పుడు వీటి దగ్గర ఆగాల్సినంత విషయం లేదు.

హైదరాబాదు మైదానం చెప్పేది

సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు వెళితే, ఈ గేము అంకెల్లో పట్టుకోవాలని చూస్తున్నదాన్ని మనుషుల్లో చేసి చూపించిన ఊరు వస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి అటు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ ఇటు భారత జట్టుకూ కోచ్. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఎడమకాలితో ఆడటం రాని కుర్రాళ్లకోసం అలవాటులేని కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టడం ఆయన పద్ధతి. సికింద్రాబాదు అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆయన కంటపడి, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. రహీమ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన మీద వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ 2024లో విడుదలైంది.

రహీమ్ కోచ్. గేము భాషలో మెంటర్ అనాలంటే మహమ్మద్ హబీబ్‌ను చెప్పుకోవాలి. 1949లో హైదరాబాదులో పుట్టి, పదిహేడేళ్ల ప్రాయంలో కలకత్తా వెళ్లి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఆ కాలంలో ఆటగాళ్లు బ్యాంకుల్లోనో రైల్వేల్లోనో ఉద్యోగం చూసుకుంటే, హబీబ్ ఏ ఉద్యోగమూ పట్టకుండా ఫుట్‌బాల్‌నే జీవనాధారం చేసుకున్నాడు. దేశంలో తొలి నిజమైన ప్రొఫెషనల్ అని ఆయనకు పేరు. కలకత్తా మైదాన్‌లో అందరికీ ‘బడే మియా’. తమ్ముడు అక్బర్ కూడా మోహన్ బగాన్‌లో అతని పక్కనే ఆడాడు. 1977 సెప్టెంబరులో పీలేతో వచ్చిన న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2–2తో సరితూగిన మ్యాచ్‌లో హబీబ్ ఒక గోల్ కొట్టాడు. రిటైరయ్యాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు కోచ్ అయ్యాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించాడు. ‘మోడల్ ప్రొఫెషనల్’ అన్న మాటకు తెలుగునేల మీద నమూనా కావాలంటే ఇంతకన్నా దగ్గరివాడు దొరకడు.

ఇటీవలి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టిన ఈ క్లబ్బుకు స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాక ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రాళ్లకు వరసగా మ్యాచ్‌లు దొరికాయి, పక్కన ముప్పై దాటిన విదేశీ సీనియర్లు ఉండేవారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్ 1–1 వద్ద ఆగి పెనాల్టీలకు వెళ్లినప్పుడు, ముప్పై రెండేళ్ల గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుపడి కప్పు తెచ్చాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచిన నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఓగ్బెచేకు అప్పటికి ముప్పై ఏడేళ్లు. గేములో మెంటరింగ్ బృందం కట్టమంటే ఎవరైనా కట్టే బృందం ఇది. తర్వాత ఆ కుర్రాళ్లు పెద్ద క్లబ్బులకు పోయారు, జీతాల గొడవల్లో జట్టు చితికిపోయింది, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

లెక్కకు అందనిది

గేము పట్టుకున్నది చాలా ఉంది. పెద్దరికం కాలంతో వస్తుందని, సావాసం భాషనూ ఊరినీ బట్టి కుదురుతుందని, చెడు కూడా అంతే వేగంగా పాకుతుందని అది సరిగ్గానే లెక్కగట్టింది. వదిలేసినదీ ఉంది. ఇందులో కుర్రాడికి ఆకలి వేయదు, బస్సు ఛార్జీలకు ఇబ్బంది ఉండదు, ఇంట్లో చదువుకోమని తిట్టరు. తెలంగాణలో ప్రతిభ ఉన్న పిల్లవాడు ఫుట్‌బాల్ మానేయడానికి ముందుగా వచ్చే కారణాలు ఇవే. బలరామ్ లాంటివాళ్ల విషయంలో రహీమ్ చేసిన పనిలో సగం ఈ వైపుదే. గేములో ఆ పనికి మీట లేదు.

ఇంకో చిక్కు, తొలి అంకెలు వేసేది మనుషులే. నిజమైన ఆటగాళ్ల గుణాలను ఆయా దేశాల్లోని పరిశీలకులు చూసి రాస్తారు. 2001–02 ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’లో మిల్‌వాల్ కుర్రాడు చెర్నో సాంబా ప్రపంచంలోకెల్లా మేటి స్ట్రైకర్‌గా ఎదిగేవాడు. అసలు జీవితంలో అతను చిన్న క్లబ్బుల్లోనే ఆడి ముగించాడు. అంకె వేసినవాడు కాళ్లను చూశాడు, ఆ కాళ్లు నడవాల్సిన దారిని చూడలేకపోయాడు.

2025లో రావాల్సిన సంచిక రద్దయి, అదే ఏడాది నవంబరులో ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’ వచ్చింది. మహిళల ఫుట్‌బాల్ ఈ శ్రేణిలోకి తొలిసారి చేరింది దీంతోనే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి దేశపు జట్టు దాకా వెళ్లి, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడిన గుగులోత్ సౌమ్య లాంటివాళ్లున్న నేల మీద ఇది చిన్న సంగతి కాదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక మాట. క్లబ్బు చేతికి రాగానే ముసలివాళ్లని అమ్మేసి కుర్రాళ్లను కొనాలనిపిస్తుంది. తొలి ఏడాది ఆ పని చేయకండి. ముందు జట్టులో పెద్దరికం ఎవరిదో చూపే తెర తెరిచి, పైవరసలో ఉన్నవాళ్ల స్వభావం చదవండి. అక్కడ ‘ప్రొఫెషనల్’ అన్న మాట కనిపిస్తే, కాళ్లు ఎంత నెమ్మదించినా సరే, ఆ మనిషి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించండి.